బేరమాడని మనిషి

వచ్చాడు!

ఐదు ఇరవై ఒకటి. బయట కుండపోత. సాయంత్రం పూటే లైట్లు వేసుకోవాల్సినంత చీకటి.

హెల్మెట్, వదులు రెయిన్‌కోటు తియ్యకుండానే పార్సిల్ కౌంటర్ ముందు నిలబడ్డాడు. నోరు విప్పడం లేదు. ఫోన్‌ని అద్దానికి ఆనించి ఓటీపీ చూపిస్తున్నాడు. కౌంటర్‌లోని మనిషి ఆవలిస్తూ లోపలికి వెళ్లి, అట్టపెట్టె తెచ్చి వాడి చేతుల్లో పెట్టాడు.

ఆమె పెట్టె!

అంచులకు ఆమె అంటించిన పచ్చ టేపు. మీద ఆమె అక్షరాలు... 'జాగ్రత్త. లోపల గడియారాలు.'

మెట్ల కింద, విరిగిన కుర్చీల చాటున నక్కి ఉంది ఆమె. పక్కనే బాబాయి. బ్యాంకుల డబ్బు మోసే వ్యాన్‌కి గార్డు. డ్యూటీ దిగినవాడు దిగినట్టే వచ్చేశాడు, భుజాన రెండు గొట్టాల తుపాకితో సహా. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ తుపాకి ఒక్కసారీ పేలలేదు. అందులో తూటాలకు బదులు దూది కూరుకుని తిరుగుతాడని ఇంట్లో అందరూ ఆయన్ని ఆటపట్టిస్తారు.

ఇవాళ ఎవరికీ నవ్వు రావడం లేదు.

"వీడేనా అమ్మడూ?"

ఆమె తలూపింది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు గానీ, వీడు బయటి దొంగేగా," అని గొణుక్కుంటూ బాబాయి వీధి తలుపుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

ఆమె చాటు నుంచి బయటికి వచ్చింది.

"పెట్టె కింద పెట్టు."

వాడు తిరిగాడు. హెల్మెట్ నల్ల అద్దం వెనక మొహం కనిపించడం లేదు. కానీ మనిషి మాత్రం ఉన్నచోట బిగుసుకుపోయాడు... తేలు కుట్టిన దొంగలా.

ఆమెను చూశాడు. వీధి తలుపులో తుపాకిని చూశాడు.

ఒక్క క్షణం...

పెట్టెను పొట్టకు హత్తుకుని మెట్ల మీదికి లంఘించాడు!

పరుగు.

వెనకే ఆమె. ఆమె వెనక బాబాయి బూట్ల చప్పుడు.

ఆమె చెవిలో ఇయర్‌ఫోన్. అందులో నలభై నిమిషాలుగా పేమెంట్ యాప్ కస్టమర్ కేర్ వాళ్ల ఒకటే సంగీతం. మధ్యమధ్యలో తేనెలో ముంచిన గొంతు... మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, దయచేసి లైన్‌లో ఉండండి.

ఉంది. మధ్యాహ్నం నుంచి ఇది మూడోసారి. రెండుసార్లు లైను దానంతటదే తెగిపోయింది.

మొదటి అంతస్తు. మూసేసిన ట్యూషన్ సెంటర్. తడి బూట్ల అచ్చులు పైకి వెళ్తున్నాయి.

ఆరు గంటలు. అదే గడువు. ఆరింటిలోగా ఆసుపత్రిలో డబ్బు కట్టకపోతే రేపు ఉదయం అన్నయ్యకు చెయ్యాల్సిన గుండె ఆపరేషన్ వరసలో వెనకున్నవాళ్లకు వెళ్లిపోతుంది. తర్వాత పెద్ద డాక్టరు నెల రోజులు ఉండడు. ఆ నెల రోజులూ అన్నయ్య ఉంటాడా అని ఆమె అడిగింది. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

నాన్న పోయాక తన చదువు మానేసి ఆమెను చదివించినవాడు అన్నయ్య. ఆరు వారాల కిందట ఆమె పెళ్లిలో ప్రతి ఫోటోకీ కుర్చీ వేయించుకున్నాడు. ఏమిట్రా అని బాబాయి కసిరితే, నవ్వు బాగా పడాలని ఊపిరి బిగబడుతున్నానన్నాడు. అందరూ నవ్వారు.

ఊపిరి నిజంగానే అందడం లేదని అప్పటికి ఎవరికీ తెలియదు.

రెండో అంతస్తు!

మలుపులో వాడి భుజం గోడకు కొట్టుకుంది. పెట్టె జారబోయింది. దాన్ని కింద పడనివ్వలేదు. పసిబిడ్డను పట్టుకున్నట్టు మోకాలితో ఆపి, మళ్లీ గుండెకు హత్తుకుని పరిగెత్తాడు. దొంగకి ఇంత జాగ్రత్త ఎందుకో!

బూట్ల చప్పుళ్ల మధ్య ఇంకో చప్పుడు... టిక్ టిక్ టిక్ టిక్...

పెట్టె కొట్టుకుంటోంది.

నలభై ఒక్క చేతి గడియారాలు. నాన్న గడియారాలు బాగుచేసేవాడు. పాత సామాన్ల కొట్లలో చచ్చిపడి ఉన్నవాటిని ముప్పై ఏళ్ల పాటు ఏరి తెచ్చి, ఒక్కొక్కదానికీ ప్రాణం పోసి దాచుకున్నాడు. ఆయనకొక పట్టింపు ఉండేది. గడియారం చేతులు మారితే నడుస్తూ మారాలి. ఆగిపోయిన గడియారాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు.

అందుకే నిన్న తెల్లవారుజామున పెట్టె సర్దే ముందు అన్నింటికీ కీ ఇచ్చింది. ఒక్కొక్కటే ఆమె చేతిలోంచి అందుకుంటూ ఎదురుగా కూర్చుని లెక్కపెట్టింది ఆమె మొగుడు. ఇరవై ఏడో దాని దగ్గర లెక్క తప్పి, మళ్లీ మొదటికి వచ్చాడు. కావాలనే తప్పాడని ఆమెకు తెలుసు. మళ్లీ మొదలుపెడితే ఆమె చెయ్యి ఇంకాసేపు తన అరచేతికి తగులుతూ ఉంటుంది.

కొత్త కాపురం. ఒక గది, వంటిల్లు. ఒకే గ్లాసులో ఆనుకుని నిలబడ్డ రెండు బ్రష్‌లు. పొద్దున్నే వాటిని చూసినా ఆమెకు నవ్వొస్తుంది.

మూడో అంతస్తు. ఊపిరి ఆడడం లేదు.

అతను లిఫ్టు మెకానిక్. ఆమె పళ్ల డాక్టరు దగ్గర కట్టుడు పళ్లకు అచ్చులు పోస్తుంది. పెళ్లైన మూడో రోజే ఒక మాట తీసుకుంది... నా పుట్టింటి అవసరానికి నీ సంపాదనలో చిల్లిగవ్వ కూడా ముట్టను, నువ్వూ ఇవ్వకూడదు. అన్నయ్య మంచాన పడ్డాక అతను బతిమాలాడు. నాలుగేళ్లుగా దాచింది ఉంది, తీసుకో అన్నాడు. మాట తప్పితే అన్నం ముట్టనంది.

"నీదంతా మొండితనం. కట్టుడు పళ్ల కన్నా గట్టిది," అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

ఆమె గడియారాలను ఆన్‌లైన్‌లో పెట్టింది. అందరూ బేరాలే. సగానికి ఇస్తావా, మూడోవంతుకి ఇస్తావా, ఒకటి కొంటే ఒకటి ఉచితమా. ఒక్కడు మాత్రం... 'చిన్నముల్లు' అని మారుపేరు పెట్టుకున్నవాడు... నలభై ఒకటీ తనకే కావాలన్నాడు. బేరమాడలేదు. అడిగినదంతా పేమెంట్ యాప్‌లో వేసేశాడు. ఇంటికి పంపొద్దు, పార్సిల్ ఆఫీసులో ఉంచండి, వచ్చి తీసుకుంటానన్నాడు.

లోకంలో ఇలాంటి మనుషులు కూడా ఉన్నారు చూడు, కూరగాయల దగ్గర గంటసేపు గీచిగీచి బేరమాడే నువ్వూ ఉన్నావు, అని ఆ రాత్రి మొగుడికి చెప్పింది. అతనికి టీ పొలమారింది. ఆమె వీపు నిమిరింది.

మర్నాడు యాప్ డబ్బు ఆపేసింది. కొత్త ఖాతాలోకి ఒక్కసారే ఇంత మొత్తం ఏమిటంది. కొన్నప్పటి బిల్లులు పెట్టమంది. చెత్తలోంచి ఏరినవాటికి బిల్లులెక్కడివి? నాన్న పద్దుల పుస్తకం ఫోటో తీసి పెట్టింది. చెల్లదంది. సరుకు పంపినట్టు రుజువు పెట్టమంది. పంపింది, రసీదు పెట్టింది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఆఖరి మెసేజ్...

కొనుగోలుదారు ఎవరో నిర్ధారణ కాలేదు. మీ ఖాతా నూట ఎనభై రోజుల పాటు నిలిపివేయబడింది.

నూట ఎనభై రోజులు! అన్నయ్యకు నెల కూడా లేదు.

అప్పుడు అర్థమైంది. ఎవడో కాజేసిన డబ్బుతో కొన్నాడు. డబ్బు యాప్‌లో ఇరుక్కుంది. గడియారాలు దొంగ చేతికి పోతున్నాయి. పార్సిల్ ఆఫీసు వాళ్ల కాళ్లావేళ్లా పడింది. పెట్టె బయల్దేరాక పంపినవాళ్లది కాదు, నంబరు చూపించినవాళ్లది అన్నారు. పోలీసులు కాగితం తీసుకుని రేపు రమ్మన్నారు.

మిగిలింది ఒక్కటే దారి. పెట్టె లాక్కోవాలి. రెండు వీధుల అవతల పాత గడియారాల కొట్టు ముసలాయన ఆరింటి దాకా ఉంటానన్నాడు. సగం ధరకే అడిగాడు. ఆ సగం ఆపరేషన్‌కు సరిగ్గా సరిపోతుంది. మందులకు మిగలదని ముందు కాదనుకుంది.

మొగుడికి ఫోన్ చేసింది. కలవలేదు. మెసేజ్ పెట్టింది. చూడలేదు. ఎప్పుడో పదకొండింటికి అతను పెట్టిందే ఉంది... 'లిఫ్టు గుంతలో ఉంటాను. ఆరింటి దాకా సిగ్నల్ ఉండదు. అన్నయ్యకు ఏం కాదు. నవ్వు.'

నాలుగో అంతస్తు!

ధబ్... వాడు జారాడు. ఒక బూటు ఊడి మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలికి తగిలింది. దాటేసింది. చూడలేదు. చూసే టైమ్ లేదు.

ఐదు ఇరవై ఎనిమిది.

"అమ్మడూ, పక్కకి తప్పుకో," వెనక నుంచి బాబాయి రొప్పుతున్నాడు. "మీ అన్న ప్రాణం ఆ పెట్టెలో ఉంది. వాడి దగ్గర కత్తి ఉంటే?"

ఐదో అంతస్తు. ఆ పైన డాబా. వాన చెంపల మీద చరుస్తోంది. ఒక్కటే బల్బు, గాలికి ఊగుతోంది. దాని కింద లిఫ్టు మెషిన్ ఉండే గది. ఇనుప తలుపు, తాళం.

చిక్కాడు!

కానీ వాడు తడబడలేదు. పెట్టెను ఒక చంకలోకి మార్చి, తలుపు పైన గూట్లోకి చెయ్యి పెట్టాడు. తాళంచెవి అక్కడే ఉంటుందని ముందే తెలిసినట్టు! వేళ్లు తడిసి జారుతున్నాయి. తాళంచెవి కింద పడింది.

అప్పుడే చెవిలో సంగీతం ఆగిపోయింది.

"నమస్కారం మేడమ్. ఇంతసేపు ఆగినందుకు ధన్యవాదాలు. చెప్పండి."

ఆడపిల్ల గొంతు. మర్యాదగా ఉంది. నలిగిపోయి కూడా ఉంది.

ఆమె ఇయర్‌ఫోన్‌ని చెవికి అదిమింది. నా డబ్బు, అంది. ఖాతా నంబరు అప్పటికే తెర మీద ఉన్నట్టుంది, ఆ అమ్మాయి చదువుతోంది. వాన హోరులో సగం వినిపిస్తోంది, సగం వినిపించడం లేదు.

"...దొంగ డబ్బు కాదు మేడమ్. డబ్బు సక్రమమైనదే. సమస్య అది కాదు."

"మరేంటి?"

"కొన్నవారు, మీరు ఒకే వై-ఫై నుంచి ఖాతాలు తెరిచారు. చాలాసార్లు. ఒకే ఇల్లు మేడమ్."

"ఒకే ఇల్లంటే?"

"మీ ఇల్లే. మీ వస్తువులు మీ ఇంట్లోవాళ్లే మారుపేరుతో కొన్నారు. ఇలాంటివి అనుమానాస్పద లావాదేవీ కింద వస్తాయి. అందుకే రెండు ఖాతాలూ ఆపేశాం."

మీ ఇంట్లోవాళ్లు.

ఆ ఇంట్లో ఉన్నవి రెండు బ్రష్‌లు.

ఆమె కాళ్లు ఆగిపోయాయి.

బల్బు ఊగింది. వెలుగు వాడి కాళ్ల మీదికి జారింది. ఒక కాలికి బూటు. రెండో కాలికి... తడిసిన నీలం సాక్సు. మడమ దగ్గర ఎర్ర దారంతో వంకరటింకర కుట్లు.

ఆదివారం ఆమె వేసిన కుట్లు. నీలం దారం లేక ఎర్రది వేసింది. ఇంత అందంగా కుట్టేదానివి, ఆ పళ్లు ఎలా పోస్తున్నావో, పాపం ముసలివాళ్లు, అని అతను వెక్కిరించాడు. ఇవాళ పొద్దున ఏరికోరి అవే తొడుక్కుని, మడమ ఎత్తి చూపించి మరీ వెళ్లాడు.

నాలుగేళ్ల పొదుపు. బేరమాడని మనిషి. పొలమారిన టీ. సిగ్నల్ లేని లిఫ్టు గుంత.

ఖాతాలు ఆపేసిన సంగతి అతనికి ఇంకా తెలియదు. అన్నయ్యకు డబ్బు అందిందనే అనుకుంటున్నాడు. మాట తప్పినందుకు మొహం చూపించలేక... అందుకే... అందుకే పరుగు!

తలుపుకు వీపు ఆనించి అతను ఇటు తిరిగాడు. ఇక దారి లేదు. తల అడ్డంగా ఊపాడు, ఆటలో ఓడిపోయినవాడిలా. పెట్టెను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతిని గడ్డం కిందికి తీసుకెళ్లాడు.

హెల్మెట్ పట్టీ తియ్యడానికి.

"చెయ్యి కిందికి దించరా!" ఆమె భుజం పక్కనుంచి బాబాయి అరుపు. "కోటులోంచి ఏం తీస్తున్నావ్?"

"బాబాయ్, వద్..."

ఢాం!

ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

పావురాలు లేచాయి. అతను తలుపు మీదుగా నెమ్మదిగా జారి కూర్చున్నాడు. హెల్మెట్ పట్టీ సగం ఊడి ఉంది. పెట్టె ఒళ్లోంచి దొర్లి పగిలింది. వాన నీళ్లలో నాన్న గడియారాలు చెల్లాచెదురుగా పడి, బోర్లా కొన్ని, వెల్లకిలా కొన్ని...

అన్నీ నడుస్తూనే ఉన్నాయి.

ఐదు ముప్పై ఒకటి.

"మేడమ్, లైన్‌లో ఉన్నారా?" చెవిలో ఆ అమ్మాయి అడుగుతోంది. "ఇంకేమైనా సాయం చెయ్యగలనా?"