శాంపిల్ కోసం వచ్చిన యమున

ఆదివారం గోదావరిఖని మార్కెట్లో చికెన్ షాపు ముందు జనం కిటకిటలాడుతున్నారు. గ్లౌజులు తొడుక్కుని, ఐస్ డబ్బా పట్టుకుని వచ్చిన అమ్మాయిని చూసి జగదీశ్వర్ కత్తి ఆగింది.

"చెయ్యి తగలకుండ ఒక్క ముక్క ఈ కవర్ల వెయ్యండి."

"తగలకుండ ఎట్ల మేడం? మంత్రమెయ్యాల్నా?"

అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుకు జగదీశ్వర్ తూకం తప్పాడు.

ఆమె పేరు యమున, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. పచ్చి మాంసంలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉందేమో చూడటం ఆమె ప్రాజెక్టు. ఆదివారం ఆదివారం వచ్చేది. అతను తల దువ్వుకుని ఎదురుచూసేవాడు.

ఒకరోజు జనం పలచబడ్డాక చెప్పింది. "మీ దాంట్ల గూడ దొరికింది. ఫారంలల్ల రోగం లేని కోళ్లకు గూడ యాంటీబయాటిక్స్ పెడుతున్నరు. ఇగ ఆ మందులు బ్యాక్టీరియా మీద పనిచేస్తలేవు."

"నవ్వుకుంట ముక్క తీస్కపోయి నా కడుపు మీద కొడుతవా?"

"మంచిగ ఉడికిస్తే చస్తయ్. పచ్చిది ముట్టేటోళ్లకే ఫికర్. షాపు పేరు ఎక్కడ గూడ రాయను."

"రాసినా రాయకున్నా, ఇంకో షాపు చూస్కో."

యమున ముఖం చిన్నబోయింది. వెళ్లబోతూ, లోపల కుర్చీలో ఉన్న అతని తండ్రి పోశాన్ని చూసింది. కట్టు కట్టిన చెయ్యి ఉబ్బి ఉంది.

"ఏమైంది కాకా?"

"కోడిని కోస్తుంటె వేలు తెగింది బిడ్డ. గోలీలు మింగుతనే ఉన్న, తగ్గుతలేదు."

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. కాలిపోతోంది.

"జల్ది దవాఖానకు నడువుండ్రి."

జగదీశ్వర్ షట్టర్ దించాడు. వానలో ముగ్గురూ ఆటో ఎక్కారు.

చీము పరీక్షకు పంపమని డాక్టరును అడిగింది యమునే. అంతవరకు మింగిన గోలీలు ఆ బ్యాక్టీరియా మీద పనిచెయ్యవని తేలింది. ఇంకాస్త ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సి వచ్చేదట. మందు మార్చాక జ్వరం దిగింది.

"చికెన్ల నుంచే వచ్చిందా?" వరండాలో జగదీశ్వర్ అడిగాడు.

"కావచ్చు. గట్టిగ చెప్పలేం."

దబాయించడానికి అవకాశం ఉన్నా ఆమె దబాయించలేదు. అతనికి తన మాటలే గుచ్చుకున్నాయి.

"ఆ రోజు నోరు జారిన."

"కోపం వచ్చింది నాకు. ఇప్పుడు లేదు."

మందమర్రి దగ్గర అనవసరంగా మందులు పెట్టని ఫారం ఒకటి వెతికి, కోళ్లు అక్కడి నుంచి తేవడం మొదలుపెట్టాడు. గ్లౌజులు వచ్చాయి. కత్తులకు, మొద్దుకు వేడినీళ్ల స్నానం వచ్చింది. యమున మాత్రం షాపుకు రావడం మానేసింది.

మళ్లీ ఒక ఆదివారం, జోరువానలో గొడుగు ముడుస్తూ షాపులోకి వచ్చింది.

"శాంపిల్ కావాల్నా?"

"ప్రాజెక్టు అయిపోయింది. కాకను చూసి పోదామని."

"నిన్ననే ఇంటికొచ్చి చూసిపోయినవు గద బిడ్డ," లోపలి నుంచి అన్నాడు పోశం.

యమున నేల చూపులు చూసింది. జగదీశ్వర్ గ్లౌజులు తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు రాకపోతే షాపు తెరవబుద్ధి అయితలేదు. నువ్వంటే ఇష్టం యమునా."

"నాకు గూడ ఇష్టమే. మా బాపుకు చెప్పాలె."

"మీ బాపు ఎప్పుడుంటడు ఇంట్ల?" అడిగాడు పోశం.

"బొగ్గుబాయిల ఫస్టు షిఫ్టు దిగి, అన్నం తిని పంటడు కాకా. పొద్దుగూకినంక లేస్తడు."

"అప్పటికి వాన వెలుస్తది. మంచి అంగి తొడుక్కోని నేనే వస్త."