వెండెల్‌కి నచ్చిన సాస్

శుక్రవారం పొద్దున లూరీన్ కాఫీ కప్పు పెట్టుకోవడానికి వంటింటి బల్ల మీద చోటు వెతుక్కుంది. బల్ల నిండా సాస్ సీసాలే. వారం రోజులుగా కిన్‌స్టన్‌లో ఉన్న సూపర్ మార్కెట్లన్నీ తిరిగి ఆవిడ మోసుకొచ్చినవి. చాలావాటిలో ఒక్క చెంచాడు తగ్గింది, అంతే. ఆ చెంచాడు నాలిక మీద వేసుకుని మొహం చిట్లించిన మహానుభావుడు, ఆవిడ మొగుడు వెండెల్, ఇప్పుడు కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని నిన్న తెచ్చిన సీసాల వెనక చీటీలు చదువుతున్నాడు.

“ఇందులో పంచదార ఉంది.”

“చిటికెడు ఉంటుంది. ఉంటే ఏం పోయింది?”

“పంచదార పడితే అది సాస్ కాదు, పానకం.”

“పోనీ దాని పక్కది?”

“పొగ వాసన కోసం ఏదో కలిపి చచ్చారు. పొగ పందిలోంచి రావాలి గానీ సీసాలోంచి వస్తుందా?”

“ఆ ఎర్ర మూతది?”

“టమాటా!” ఆ మాట అనడానికే నోరు పాడైనట్టు వెండెల్ ఆ సీసాని రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల చివరికి జరిపాడు. మూత కూడా తియ్యలేదు. “డబ్బిచ్చి కొనేముందు చీటీ చదవాలని తెలీదా లూరీన్?”

లూరీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పళ్ళు బిగించి ఊరుకుంది. మర్నాడు అత్తగారు ఐవీకి ఎనభై ఐదేళ్ళు నిండుతాయి. రాత్రంతా పెరట్లో ఇటుకల పొయ్యి మీద పందిని మొత్తంగా కాల్చి, మాంసం సన్నగా కొట్టి, సాస్ కలిపి, చర్చి వాళ్ళందరికీ భోజనం పెట్టాలి. పంది వచ్చింది, కట్టెలు వచ్చాయి. సాస్ ఒక్కటే తేలలేదు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం తూర్పు వైపు, కిన్‌స్టన్ చుట్టుపక్కల, బార్బెక్యూ సాస్ అంటే వెనిగర్, ఎండుమిరప తునకలు, మిరియాలు, ఉప్పు. అయిపోయింది. టమాటా వేసేది పడమటి వాళ్ళు, లెక్సింగ్టన్ వైపు. అటువాళ్ళతో పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఉన్నాయి గానీ, సాస్ దగ్గర మాత్రం ఎవరి దారి వాళ్ళదే. వెండెల్ తండ్రి హోబర్ట్ చేసే సాస్‌ని మించింది జిల్లాలోనే లేదని పేరు. ఆయన బతికుండగా నిప్పుల పని వెండెల్‌ది. సాస్ మాత్రం ఆయన షెడ్డు తలుపు వేసుకుని చేసేవాడు. చేతికింద ఉండేది చిన్నకొడుకు కర్టిస్ ఒక్కడే. ఆయన పోయాక వెండెల్ ఎన్నిసార్లు కలిపినా ఆ రుచి రాలేదు, అందుకే ఈ సీసాల వేట.

ఆ కర్టిస్ ఇప్పుడు ఈ గుమ్మం తొక్కడు. నాలుగేళ్ళ కిందట, హోబర్ట్‌ని పాతిపెట్టి వచ్చిన రోజున, భోజనాల కోసం వాడు షెడ్డులో సాస్ కలుపుతుంటే వెండెల్ లోపలికి వెళ్ళాడు. వాడి చేతిలో కెచప్ సీసా! “మట్టి ఇంకా ఆరలేదు, అప్పుడే నాన్న సాస్‌లో కెచప్ పోస్తావుట్రా? లెక్సింగ్టన్‌లో ఉద్యోగం చేస్తే ఇదా నేర్చుకున్నది?” అని పెళ్ళాం ముందూ, తండ్రి స్నేహితులిద్దరి ముందూ చెడామడా తిట్టాడు. కర్టిస్ నోరు మెదపలేదు. సీసా కింద పెట్టి, ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. పడుకుని ఉన్న ఐవీకి ఏమీ తెలియనివ్వలేదు. “అమ్మ తట్టుకోలేదు, నువ్వు నోరెత్తకు” అని వెండెల్ పెళ్ళాం చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. అన్నదమ్ములకి ఎక్కడ చెడిందో ఆ తల్లికి ఇప్పటికీ తెలీదు.

అంతలో ఐవీ చేతికర్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

“కర్టిస్ ఫోన్ చేశాడా?”

“లేదమ్మా.”

“నువ్వు చేశావా?”

వెండెల్ సీసా వైపు చూశాడు. “కట్టెలు దించాలమ్మా” అని లేచాడు.

“పుట్టినరోజుకి నేను అడిగింది ఒక్కటేరా. ఇద్దరూ నాకు అటొకడూ ఇటొకడూ కూచోవాలి. మళ్ళీ ఏడాదికి నేను ఉంటానో ఉండనో. ఆ మాట నీ చెవికెక్కదు. వారం నుంచీ చూస్తున్నా, సీసాలు, సీసాలు!”

వెండెల్ పెరట్లోకి జారుకున్నాడు. ఐవీ కళ్ళు తుడుచుకుంటూ తన గదిలోకి పోయింది. మధ్యలో మిగిలింది లూరీన్. ఇక ఆవిడ ఓపిక అయిపోయింది. కాగితం కప్పులు తీసి, ఒక్కో సీసాలోంచి కొంచెం కొంచెం వంచింది. మూత తియ్యని ఎర్ర మూత సీసా కూడా తీసి వంచింది. సీసాలన్నీ బల్ల కిందకి తోసేసి, పెరటి తలుపు దగ్గర నిలబడి కేకేసింది.

“వెండెల్! లోపలికి రా. ఇవాళ ఏదో ఒకటి తేల్చకపోతే రేపు పందికి వట్టి ఉప్పు రాస్తాను.”

వెండెల్ గొణుక్కుంటూ వచ్చి కప్పులు చూశాడు. “సీసాలేవీ?”

“చీటీలు చదివింది చాలు. నాలిక ఉందిగా, దాంతో చెప్పు.”

మొదటిది “పులుపు తప్ప ఏముంది ఇందులో?” అన్నాడు. రెండోది “దగ్గు మందు తాగినట్టుంది” అన్నాడు. మూడోదానికి మాట కూడా దండగనుకున్నాడో ఏమో, కప్పు పక్కకి నెట్టాడు. లూరీన్ చేతులు కట్టుకుని చూస్తోంది. తర్వాతి కప్పులో చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. మళ్ళీ ఒక చెంచా తీసుకున్నాడు. చివరికి కప్పే ఎత్తి తాగేశాడు.

“ఇదే!” అన్నాడు. “అచ్చం నాన్న చేసినట్టే లేదూ? ఇన్నాళ్ళూ ఎక్కడుందే ఇది? ఎక్కడ దొరికింది?”

లూరీన్ వంగి బల్ల కిందనుంచి ఎర్ర మూత సీసా తీసి ఆయన ముందు ఠక్కున పెట్టింది.

వెండెల్ మొహం కందిపోయింది. “నాతో పరాచికాలాడుతున్నావా?”

“పరాచికం నేనాడానా? నువ్వు తాగావు, నువ్వే బాగుందన్నావు!”

“నాన్న సాస్‌లో టమాటా లేదు! ఆయన చస్తే వెయ్యడు! నువ్వు ఇందులో ఇంకేదో కలిపావు!”

“అవును, విషం కలిపాను! కలపాల్సింది కూడా అదే!” లూరీన్ గొంతు పెరట్లోకి వినపడేలా లేచింది. “ఎవడో తయారుచేసిన సాస్ కోసం ఊరంతా నన్ను తిప్పుతావు. ఇంత కెచప్ పోశాడని సొంత తమ్ముణ్ణి మాత్రం గుమ్మం ఎక్కనివ్వవు. నాలుగేళ్ళయింది వెండెల్! కెచప్ కోసం! ఆ ముసలావిడ ఏ తప్పు చేసింది? ఇంక దాచడం నా వల్ల కాదు!”

“ఏ కెచప్?”

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో ఐవీ.

“మీరిద్దరూ విడిపోయింది కెచప్ గురించా?” అంది. “నేను పొలం గురించనుకున్నా. వాడు మీ నాన్నని ఏదో అనరాని మాట అన్నాడనుకున్నా. కెచప్ గురించట్రా?”

వెండెల్ తలొంచుకున్నాడు. “నాన్న సాస్‌లో పోశాడమ్మా. అదీ ఆ రోజున.”

ఐవీ కుర్చీలో కూర్చుంది.

“పొయ్యక మరేం చేస్తాడు? మీ నాన్న పోసేవాడు కనక వాడూ పోశాడు. నేను లెక్సింగ్టన్ పిల్లనని మర్చిపోయావా? పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ ఊరి సాస్ నా గొంతు దిగేది కాదు. పళ్ళెం ముందు కూచుని ఏడ్చేదాన్ని. ఒక ఆదివారం మీ నాన్న సాస్ తెచ్చి తిని చూడమన్నాడు. తిన్నాను. ఆ రోజు నుంచీ ఆయన చేసిన ప్రతి గిన్నెలోనూ కెచప్ పడింది. మిరపకాయ ఎరుపులో ఎవడికి కనపడుతుంది? ‘ఐవీ, ఊళ్ళోవాళ్ళకి తెలిస్తే తలెత్తుకు తిరగలేను’ అనేవాడు. జిల్లా అంతా లొట్టలేసుకుంటూ తినేది నా సాస్‌రా.”

వెండెల్ ఎర్ర మూత సీసాని దగ్గరికి లాక్కున్నాడు.

“మీ నాన్నకి చేతులు వణకడం మొదలయ్యాక సీసా పట్టుకున్నది కర్టిసే. వాడి చేత ఒట్టు వేయించుకున్నాడు. ‘ఎవరికీ చెప్పకు, మీ అన్నయ్యకి అసలే చెప్పకు. వాడు నా సాస్ గురించి ఊరంతా గొప్పలు చెప్పుకుంటాడు, వాడి మొహం చిన్నబుచ్చకు’ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.”

లూరీన్‌కి ఆ రోజు షెడ్డులో కర్టిస్ మొహం కళ్ళకి కట్టింది. తండ్రి స్నేహితులిద్దరూ చూస్తుండగా, “ఇది నాన్న చేసే పద్ధతే” అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. తండ్రి పేరు కాపాడి, తిట్లు తను తిన్నాడు, తల్లికి దూరమయ్యాడు. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. మొగుడి మీద కోపమూ అంతే వచ్చింది. ఫోన్ తీసి కర్టిస్ నంబర్ నొక్కి ఆయన చేతిలో కుక్కింది.

“హలో” అంది అవతలి గొంతు. “వదినా? అమ్మకి బాగానే ఉందా?”

వెండెల్ ఫోన్ తిరిగి లూరీన్‌కి ఇవ్వబోయాడు. లూరీన్ ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది.

“ఒరేయ్,” అన్నాడు వెండెల్. “కెచప్... కెచప్ ఎంత పొయ్యాలిరా?”



“ఎవరు చెప్పారు?”

“అమ్మ.”

“నేను చెప్పలేదన్నయ్యా. నిజంగా నేనెవరికీ చెప్పలేదు.”

ఆ మాటతో వెండెల్ నిలబడలేకపోయాడు. ఫోన్ చెవికి పెట్టుకునే తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి, ఆవిడ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఐవీ ఆయన బట్టతల నిమురుతూ తనూ ఏడుస్తోంది. లూరీన్ వంగి ఫోన్ అందుకుంది.

“వదినా,” అంటున్నాడు కర్టిస్. “అన్నయ్యని ఆ సాస్ ముట్టుకోవద్దని చెప్పు. తగలేస్తాడు. నేను ఇప్పుడే బయల్దేరుతున్నా.”

“ఏమన్నాడే?” అంది ఐవీ.

“వస్తున్నాడు అత్తయ్యా,” అంది లూరీన్.