తేటకుర్చీ

విమానం దిగిన పైలట్ హెల్మెట్ తీయాలి, మంచినీళ్లు తాగాలి, తేటకుర్చీలో కూర్చోవాలి. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నంత మామూలు సంగతి. ఆ మధ్యాహ్నం కుర్చీ గది ముందు ఇస్మాయిల్, అతని వెనక బొడ్డేపల్లి మేదిని నిలబడ్డారు. ఇద్దరికీ చెమట ఇంకా ఆరలేదు.

"నిజంగానే చూశాం కదా?" గొంతు తగ్గించి అడిగాడు ఇస్మాయిల్.

"చూశాం. ఓడంత ఉంది. సముద్రం మీద దాని నీడే లేదు."

"కాసేపట్లో నాకిదంతా గుర్తుండదు. నన్నేమైనా తిట్టాలనుంటే ఇప్పుడే తిట్టెయ్."

"గుర్తుండనప్పుడు తిట్టి ఏం లాభం? పో, నీ వంతు."

ఒకప్పుడు ఆకాశంలో ఏదో చూశామని ఇద్దరు పైలట్లు చెరో మాట చెప్పి, పక్కదేశంతో యుద్ధం తెచ్చినంత పని చేశారట. అప్పటి నుంచి విమానంలోని సాక్షిపెట్టె ఏది రికార్డు చేస్తే అదే జరిగినట్టు. పెట్టెకు అందనిది పైలట్ బుర్రలో మిగిలితే కుర్చీ మెత్తగా తుడిచేస్తుంది. నొప్పి ఉండదు. పీడకలలు కూడా తగ్గాయి. కూర్చోనివాళ్లకు మాత్రం మళ్లీ విమానం ఇవ్వరు.

తమాషా ఏమిటంటే, జాలర్లకు ఆకాశంలో కనిపించే వింతవస్తువుల్ని వెతకడమే మేదిని దళం పని. వాటికి అనామికలని పేరు. పేరు లేనిదని పేరు పెట్టడానికి ఒక కమిటీ కూడా కూర్చుంది. దళం వెళ్తుంది, చూస్తుంది, దిగుతుంది, తుడిపించుకుంటుంది, "ఏమీ లేదు" అని చెబుతుంది. మేదిని అనామికను చూడటం ఇదే మొదటిసారి. కనీసం ఆమెకు గుర్తున్నంతవరకు.

ఇస్మాయిల్ తేటగా నవ్వుతూ బయటికొచ్చాడు. "కుర్చీ వేడెక్కింది మేడమ్, కాసేపాగి పిలుస్తాను," అన్నాడు టెక్నీషియన్. ఇద్దరూ టీ గదికి వెళ్లారు.

అక్కడ సీనియర్ పైలట్ లాజరస్ కూర్చుని ఉన్నాడు. "ఏటైనా కనపడిందేట్రా?" అన్నాడు.

"ఏమీ లేదన్నా, మబ్బులే. ఇలా ఎక్కాను, ఇలా తిరిగాను."

పైలట్లు నోటికన్నా చేతులతో ఎక్కువ మాట్లాడతారు. కుడిచెయ్యి తన విమానం, ఎడమచెయ్యి పక్కవాళ్లది. ఇస్మాయిల్ కుడిచెయ్యి టీ కప్పుల మీదుగా వంగి తిరిగింది. ఎడమచెయ్యి లేచి, దాని పక్కనే నిలిచింది.

"ఆ ఎడమచెయ్యి ఎవరు?" అడిగింది మేదిని.

"ఇంకెవరు, నువ్వే."

"నా విమానం నీ వెనకుంది. వెళ్లినప్పటి నుంచి దిగేదాకా."

ఇస్మాయిల్ ఆ చేతి వైపు చూశాడు. వేరే ఎవరిదో తన భుజానికి అతికించినట్టు. దించబోయాడు కానీ దించలేదు. లాజరస్ నవ్వబోయి ఆగాడు. పోయిన నెల తాను ఒంటరిగా వెళ్లొచ్చిన ప్రయాణాన్ని చేతులతో మెల్లగా చెప్పి చూసుకున్నాడు. ఆయన ఎడమచెయ్యి కూడా లేచింది.

"మేడమ్, కుర్చీ రెడీ," గుమ్మంలోంచి పిలుపు వచ్చింది.

మేదిని కుర్చీ వైపు వెళ్లలేదు. స్థావరం అధికారి పైడిరాజు గదికి వెళ్లి విషయం చెప్పింది.

"ఏటమ్మా, కూకోవా?" అన్నాడాయన. "ఎగరడమంటే నీకెంత ఇదో నాకు తెల్దేటి? సెలవిచ్చినా ఇంటికెళ్లవు. నిమిషం పని. కూకుని లేచిపో."

"వెతకమన్నారు, వెతికాను సార్. దొరికింది. దాన్ని తుడిపించుకోను."

"సాక్షిపెట్టెలో లేదమ్మా."

"అయితే పెట్టెనొక్కదాన్నే పంపాల్సింది. నన్నెందుకు పంపారు?"

పైడిరాజు ఆమె పేరున్న కాగితం ముందుకు లాక్కున్నాడు. "రేపట్నుంచి నీకు విమానం లేదు," అన్నాడు.

"సరే సార్." గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి మిగతాది కూడా చెప్పేసింది. "అడిగినవాళ్లందరికీ చెప్తాను. తర్వాత నాకు చెప్పలేదనకండి."

వరండాలో ఇస్మాయిల్ ఎదురుచూస్తున్నాడు. అనామిక ఎంత పెద్దదని అడుగుతాడనుకుంది, ఏ రంగని అడుగుతాడనుకుంది. కుర్చీని తయారుచేసినవాళ్లు కూడా అలాగే అనుకుని ఉంటారు, తాము తీసేస్తున్నది ఒక వస్తువు జ్ఞాపకాన్నేనని.

"నేను భయపడ్డానా?" అని అడిగాడు.

"పడ్డావు. మీ అమ్మను పిలిచావు."

"పారిపోయానా?"

"లేదు. వెనక్కి రమ్మని నేను రేడియోలో అరుస్తున్నాను. నువ్వు దాని పక్కకే వెళ్లావు, రెక్క తగిలేంత దగ్గరగా. 'ఒంటరిగా ఉన్నట్టుంది పాపం' అన్నావు."

ఇస్మాయిల్ తన ఎడమచేతిని మళ్లీ పైకెత్తి చూసుకున్నాడు.

"అది నాది," అన్నాడు. "నా భయం, నా తెగింపు. వీళ్లెవరు తీసుకోడానికి?"

ఇస్మాయిల్ తట్టకుండానే పైడిరాజు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.