ఏ మిస్ విన్‌కాట్?

గుడ్డు గట్టిపడిందని పాదిరి విన్‌కాట్ గారు పళ్లెం వెనక్కి నెట్టారు.

"నాలుగు నిమిషాలన్నాను కదా డోర్కస్! ఇదేంటి, రాయిలా ఉంది?"

"నాలుగే నాన్నా."

"అయితే నీ గడియారం తప్పు."

డోర్కస్ ఆ గుడ్డు తనే తినేసి, ఇంకోటి ఉడకబెట్టడానికి లేచింది. ముప్పై ఒకటో ఏడు ఆమెకి. వంటింటి తాళాలు, తండ్రి వాచిన కాలు, చర్చికి ఉతికే గుడ్డలు, పేదలకి పంపే సూపు, అన్నీ ఆమె వీపు మీదే. అక్క లెటిషియా కిటికీ దగ్గర కూర్చుని చేతి తొడుగు కుట్టుకుంటోంది. ఆష్‌కోంబ్ ఊళ్లో ఎవర్నడిగినా "అదృష్టవంతుడు పాదిరి, ఇద్దరు కూతుళ్లూ ఇంటిపట్టునే ఉన్నారు" అంటారు. ఆడది ఇంట్లో కుళ్లిపోతే దానికి ఊరు పెట్టే పేరు అదృష్టం.

"పది గంటలకి డాక్టరొస్తాడు. కొత్తవాడు. కొత్తేముందిలే, మన మందుల కొట్టు హార్ల్ కొడుకే. తండ్రి పోయాడని నిన్న సాయంత్రం దిగాడట" అన్నారు పాదిరి గారు.

లెటిషియా వేలికి సూది దిగింది. డోర్కస్ చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

గిడియన్ హార్ల్. ఏడేళ్ల క్రితం గడ్డికోతల వేళ, పొలం కంచె దాటడానికి వేసిన మెట్టు మీద డోర్కస్ పక్కన కూర్చుని, సైన్యంలో వైద్యుడిగా వెళ్తున్నాను, జీతం కుదరగానే ఉత్తరం రాస్తాను, వస్తావా అన్నాడు. వస్తానంది. నిశ్చితార్థం లేకుండా ఆడపిల్ల మగాడికి ఉత్తరం రాస్తే పరువు పోతుంది కాబట్టి, ముందు వాడి ఉత్తరమే రావాలి. సైన్యంతో వాడు వెళ్లిన లిస్బన్ నించి ఒక్క ముక్క రాలేదు.

"నువ్వు పైన ఉండు, నాన్న కాలు నేను చూపిస్తాను" అంది లెటిషియా గబగబా.

"నేనెందుకు దాక్కోవాలి? దాక్కోవాల్సింది వాడు."

పదింటికి వచ్చాడు. కణతల దగ్గర నెరిసింది. ఎడమచేతికి చిటికెన వేలు లేదు. గుమ్మంలోనే లెటిషియాకి తల వంచాడు.

"మిసెస్ బల్మర్, క్షేమమా?"

లెటిషియా మొహం సున్నంలా అయిపోయింది. వాడది గమనించకుండా డోర్కస్ వైపు తిరిగి, ఇంకా ముభావంగా, "మిస్ విన్‌కాట్" అన్నాడు.

డోర్కస్‌కి ఒళ్లు మండిపోయింది. "వెక్కిరించడానికొచ్చారా డాక్టర్ గారూ? మూడు ఆదివారాలు చదవాల్సిన మా అక్క పెళ్లి చాటింపు రెండో ఆదివారం దాకా చర్చిలో చదివారు. మూడో ఆదివారానికి పెళ్లికొడుకు బల్మర్ ఊళ్లో లేడు. ఈ సంగతి ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు."

"లేడా?" వాడి చేతిలో సంచి జారింది. "మన ఊరి సిపాయి ఒకడు లిస్బన్‌లో చెప్పాడు, చాటింపు అయిందని. ఆవిడకి పెళ్లయిపోయిందనుకున్నాను. అయితే... ఏడేళ్ల క్రితం, సెప్టెంబరులో, ఈ ఇంట్లో మిస్ విన్‌కాట్ ఎవరు?"

ఆ దేశంలో ఇంటిపేరుతో 'మిస్ విన్‌కాట్' అనిపించుకునేది ఒక్కతే, పెళ్లికాని పెద్దకూతురు. చిన్నది ఎప్పుడూ మిస్ డోర్కసే. పెద్దది పెళ్లి చేసుకుని వెళ్లిన రోజు ఆ పిలుపు చిన్నదానికి దిగుతుంది. పెద్దదానికి పెళ్లయిందనుకున్న మందుల కొట్టువాడి కొడుకు, పెద్దింటి మర్యాద తప్పకూడదని ఒళ్లు దగ్గర పెట్టుకుని, కవరు మీద 'మిస్ విన్‌కాట్' అని రాశాడు. వాడి కొంప ముంచింది ఆ మర్యాదే.

"ఉత్తరం రాశావా?" అంది డోర్కస్. మీరు పోయి నువ్వు అయింది.

"జవాబు కూడా వచ్చింది. 'మిస్ విన్‌కాట్ గారు హార్ల్ గారికి వందనాలు తెలుపుతూ, ఆయన ప్రతిపాదనను అంగీకరించలేరని తెలియజేస్తున్నారు.' సంతకం లేదు."

డోర్కస్ అక్క వైపు తిరిగింది. "నీకోసం రాశాడనుకున్నావా?"

"అనుకున్నాను." అంది లెటిషియా. "బల్మర్ పోయి మూడు వారాలే అయింది. నా పేరు మీద పెళ్లి అడుగుతూ ఉత్తరం! మొదటి పేజీ చదివినంతసేపూ బతికాననిపించింది. రెండో పేజీలో, కంచె మెట్టు మీద నువ్వు నవ్విన నవ్వు, అని ఉంది. నేనెప్పుడూ దాని మీద కూర్చోలేదు."

"అప్పుడు తెలిసింది కదా! నాదని తెలిసింది కదా! తెచ్చి నా చేతిలో పెట్టడానికి ఎన్ని మెట్లు ఎక్కాలే? పద్నాలుగు!"

"నువ్వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అయిపోతానే! ముసలిదాన్నయ్యేదాకా ఈయనతో..."

"అందుకని నన్ను కూడా పాతిపెట్టావా?"

"అరుపులేంటి?" పాదిరి గారు కాలు స్టూలు మీద సర్దుకున్నారు. "ఆ ఉత్తరం, తను రాసిన జవాబు, రెండూ మీ అక్క నాకు అప్పుడే చూపించింది. మంచిపని చేశావన్నాను. మందుల కొట్టు సంబంధం మనకెందుకు? నువ్వెళ్తే నా కాలికి కట్టు ఎవరు కడతారు?"

అంతే. ఏడేళ్లకి ఆయన చెప్పిన సంజాయిషీ అంతే. ఆదివారం ఆదివారం పీఠమెక్కి సత్యం గురించి గంటసేపు చెప్పే నోరది.

"మీ కాలికి కట్టు ఆయన కడతాడు, మీరు పిలిచిన డాక్టరేగా. నేను కట్టను. ఇవాళ్టి నించి కట్టను." డోర్కస్ నడుముకున్న తాళాలగుత్తి విప్పి తండ్రి ఒళ్లో పడేసింది. పెద్దాయన ఉలిక్కిపడ్డారు. అప్పుడు గిడియన్ మీదకి తిరిగింది.

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? వందనాలు తెలుపుతూనా? నేనా? నాకు కోపమొస్తే మొహం మీద అంటానని నీకు తెలీదూ? ఒక్క చీటీ చూసి ఏడేళ్లు నోరు మూసుక్కూర్చున్నావా?"

వాడు తల దించుకున్నాడు. "మీ ఇల్లు ఆ మాటే అంటుందని ముందే భయపడ్డాను. రాగానే నమ్మేశాను."

"మా ఇల్లు అంది. నేనన్నానా?"

"అనలేదు. తప్పు నాది. సీసాలు కడిగే వాడి కొడుకునని నన్ను నేనే తక్కువ చేసుకున్నాను. నిన్నూ నాతో కలిపి చేశాను."

డోర్కస్ టోపీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లింది. లెటిషియా అడ్డం వచ్చి మోకాళ్ల మీద కూలబడింది. "తిట్టవే. కొట్టవే. మాట్లాడకుండా మాత్రం పోకు."

డోర్కస్ చెయ్యి లేచింది. అక్క తలలో సగం తెల్లవెంట్రుకలు కనిపించాయి. ఎప్పుడు నెరిశాయో చూడనేలేదు. ఈ ముసలాయన కుర్చీకి ఇద్దర్నీ కట్టేశారు. బయటపడబోయే చెల్లెల్ని అక్క కాలు పట్టుకుని వెనక్కి లాగింది. లాగమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. కన్నీళ్లు వద్దన్నా వచ్చేశాయి. లేచిన చెయ్యి అక్కని లేవదీసింది.

"ఇవాళ నిన్ను క్షమించను. రేపు కూడా చెప్పలేను. కానీ ఈయన్ని ఒక్కదానివే మొయ్యకు. మనిషిని పెట్టించు. ఆదివారం వస్తాను, అప్పుడు పోట్లాడదాం."

"వస్తావా? నిజంగా?" లెటిషియా చిన్నపిల్లలా ఏడ్చేసింది.

వీధిలో గిడియన్ టోపీ వంకరగా తగిలించుకుని పరుగున వెనకే వచ్చాడు. డోర్కస్ ఆగకుండా నడుస్తూనే తిట్టింది. పిరికివాడన్నది, మూర్ఖుడన్నది, మర్యాదకి పుట్టినవాడన్నది. రొట్టెల కొట్టు ముందు ఆడాళ్లు నోళ్లు తెరిచి చూశారు. వాడు ప్రతిదానికీ "అవును" అన్నాడు.

"అవునవునంటే కోపం పోతుందనుకున్నావా?"

"పోదు. ఎంతకాలం పడుతుంది?"

"ఏడేళ్లు! ఒక్కరోజు తగ్గదు."

"సరే. అయితే నన్ను పెళ్లి చేసుకుని తిట్టు డోర్కస్. రోజూ వీధిలోకొచ్చి తిట్టాలంటే నీకే కాళ్లనొప్పులు."

ఆమె ఆగింది. ముక్కు తుడుచుకుని, నడివీధిలో, అందరూ చూస్తుండగా వాడి చెయ్యి పట్టుకుంది.

"ముందు ఆ టోపీ సరిగ్గా పెట్టుకో, దద్దమ్మా. పద."