రాకడ అంకె

"నాలుగు కిలోలా నూట నలభై గ్రాములు," అంది మంగతాయారు, తూకం మీంచి సంచి దించకుండానే. "ఓడలోకి నాలుగు కిలోలే రానిస్తారు. ఆ పూజగంట తీసెయ్."

"గంట తియ్యను. కావాలంటే చెప్పులు తీసేస్తాను."

"గనిలో ఉత్త కాళ్ళతో తిరుగుతావా?"

"అక్కడ మనిషికి బరువే ఉండదటగా. కాళ్ళు నేలకి ఆనితేనేగా చెప్పుల అవసరం!" అని వకుళ నవ్వింది.

మంగతాయారుకి నవ్వు రాలేదు. పొద్దుటినుంచి ఆ సంచి సర్దడం ఇది నాలుగోసారి. రెండు ఉన్ని చొక్కాలు, ఒక నేత చీర, మందుల పెట్టె, శొంఠిపొడి, పసుపు కొమ్ము. అన్నీ ఉన్నాయని తెలిసినా ఏదో మర్చిపోయామని ఆమెకి ఒకటే అనుమానం. తీసి, మళ్ళీ సర్ది, మళ్ళీ తీసి చూసింది.

"దేవుణ్ణి ఇక్కడే వదిలి గంట మాత్రం తీసుకెళ్తానంటావు. ఇదెక్కడి భక్తే?"

"దేవుడు అక్కడ కూడా ఉంటాడక్కా. గంట ఉండదు."

మంగతాయారు సంచిలోంచి సబ్బు తీసి పక్కన పెట్టింది. తూకం నాలుగు కిలోల దగ్గర ఆగింది.

అది 2148వ సంవత్సరం, ఫిబ్రవరి ఆరు. ఆ ఊరి పేరు ఎర్రగట్టు. అంగారకుడి మీద ఒక లోతైన లోయ గోడలో తొలిచి కట్టిన ఊరు. నాలుగు వేల మంది ఉంటారు. తేదీలకి మాత్రం భూమి క్యాలెండరే వాడతారు. మంగతాయారుకి అరవై ఆరేళ్ళు, ప్రయాణాల శాఖలో గణితవేత్త. వకుళకి యాభై ఎనిమిది, ఆస్పత్రిలో నర్సు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, నిత్యం పోట్లాడుకుంటూ హాయిగా బతికారు. ఇప్పుడు సెరిస్ అనే చిన్న గ్రహం మీద మంచుగనిలో ముప్పై ఒక్క మందికి ఏదో జ్వరం పట్టుకుంది. అక్కడి డాక్టరు అదే జ్వరంతో పోయాడు. వెళ్ళేందుకు ఏడు నెలలు, వచ్చేందుకు ఏడు నెలలు. వెళ్తానని వకుళే చెయ్యెత్తింది.

ఆ రోజుల్లో ఎర్రగట్టు నుంచి ఎవరు బయలుదేరినా ముందు రాకడ ముందు నిలబడాలి. రాకడ అంటే మంగతాయారు ముప్పై ఏళ్ళు కష్టపడి చేసిన యంత్రం. ఆమెకి పదకొండేళ్ళప్పుడు, వకుళకి మూడేళ్ళప్పుడు, వాళ్ళ నాన్న సొరంగం పనికని వెళ్ళి తిరిగి రాలేదు. అమ్మ పదేళ్ళు ఆయన కంచం కడిగి బోర్లించి పెట్టేది. అడిగితే, "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక తల్లీ" అనేది. ఎర్రగట్టులో వాన ఎలాగూ లేదు. రెండోదాని సంగతేదో తేల్చాలని మంగతాయారు ఆ పసితనంలోనే పట్టుబట్టింది.

రాకడ పని చూడటానికి సులువుగానే ఉండేది. ఓడ వయసు, దారిలో సూర్యుడి తుఫానులు, ప్రయాణికుడి ఆరోగ్యం, ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. వీటితోపాటు గొంతు కూడా వింటుంది. మనిషి దాచుకున్న జబ్బు, భయం, అలసట గొంతులో బయటపడతాయి. అందుకని ప్రయాణికుడు తనవాళ్ళకి చెప్పే వీడ్కోలు మాటని రాకడ పట్టుకుని, దాని స్వరరేఖ గీసి చూస్తుంది. నలభై ఏళ్ళుగా బయలుదేరే గది దగ్గర రికార్డయిన వీడ్కోళ్ళన్నీ దానికి వినిపించారు. వాటిలో ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో కూడా చెప్పారు. దాని నాడీజాలం, అంటే న్యూరల్ నెట్‌వర్క్, వాటినుంచి తనంతట తానే నేర్చుకుంది. చివరికి నూటికి ఇంత అని ఒక అంకె ఇస్తుంది. మనిషి తిరిగి వచ్చే అవకాశం అది. దాన్నే ఊళ్ళో రాకడ అంకె అంటారు. డెబ్బైకి తగ్గితే తలుపు తెరుచుకోదు.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. యంత్రం ప్రయాణికుల్ని "ఎక్కడికి?" అని అడిగేది. బయలుదేరేవాళ్ళని ఎక్కడికని అడుగుతారా అని సగం మంది వెనక్కి తిరిగి ఇంటికెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ వచ్చేవాళ్ళు. రెండు ఓడలు ఆలస్యమయ్యాయి. మంగతాయారు విసుక్కుంటూనే ఆ ప్రశ్నని "ఎందాకా?" అని మార్చింది.

రాకడ వచ్చాక మొక్కుగది ఖాళీ అయింది. అది ఎనిమిదడుగుల గది. ఊరికంతటికీ, అన్ని మతాలకీ అదొక్కటే. తాళంచెవి వకుళ దగ్గర ఉండేది. ఒక అరలో సిలువ, ఒక అరలో బొటనవేలంత ఇత్తడి వేంకటేశ్వరుడు, గోడవారగా చుట్టిపెట్టిన చాప. నిప్పు వెలిగించడానికి వీల్లేదు కాబట్టి పసుపురంగు దీపం ఒకటి. నమాజుకి వచ్చేవాళ్ళ కోసం, ఆ రోజు ఏ వేళకి భూమి ఏ దిక్కున ఉంటుందో వకుళ రోజూ పొద్దున్నే గోడమీద పలకలో రాసేది. సాయంత్రం పూజ అయ్యాక విగ్రహాన్ని వడ్లగింజంత ఉత్తరానికి జరిపి, "పునరాగమనాయ చ" అని సాగనంపేది. అంటే, మళ్ళీ రావడానికి వెళ్ళమని.

"కదలని బొమ్మకి వీడ్కోలు! ఎక్కడికెళ్ళాడని మళ్ళీ రమ్మంటున్నావు?" అని మంగతాయారు ఏడిపించేది.

"వెళ్ళాడో లేదో నాకెందుకక్కా? రమ్మనడం నా మర్యాద."

అంకె తెలిశాక ఇక మొక్కు ఎందుకన్నారు జనం. వకుళ ఎవర్నీ తప్పు పట్టలేదు. గది మాత్రం రోజూ తుడిచేది.

ఆ ఉదయం బయలుదేరే గదిలో వకుళ సంచి భుజాన వేసుకుని యంత్రం ముందు నిలబడింది. మంగతాయారు సహాయకుడు, ఇంజనీరు దస్తగిరి, మీటలు చూస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు. మొక్కుగదికి ఇంకా వచ్చే కొద్దిమందిలో ఒకడు.

"ఎందాకా?" అంది రాకడ.

"సెరిస్ దాకా."

"మీవాళ్ళతో ఒక మాట చెప్పండి."

వకుళ అక్క వైపు తిరిగింది. మొక్కుగది తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. "వెళ్తానక్కా," అంది.

మంగతాయారు చటుక్కున అడ్డుకుంది. "ఛీ, అదేం మాటే! వెళ్తాను అనకూడదు. వెళ్ళొస్తాననాలి."

"నీకివన్నీ నమ్మకం లేదంటావుగా?"

"నమ్మకం కాదు, పద్ధతి. అను."

"వెళ్ళడం నా చేతిలో ఉందక్కా. రావడం ఆయన చేతిలో ఉంది. ఆయన తరఫున నేనెలా మాటిచ్చేది?"

"ఎదురు చెప్పకు. చిన్నప్పటినుంచీ ఇంతే నువ్వు. అంటావా, అనవా?"

దస్తగిరి తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. వకుళ అక్క మొహం చూసింది. ఆ కళ్ళలో పదకొండేళ్ళ పిల్ల కనిపించిందేమో, దగ్గరికొచ్చి చెంపమీద చెయ్యి వేసింది.

"సరే. వెళ్ళొస్తానక్కా."

యంత్రం మీద పచ్చగా అంకె వెలిగింది. తొంభై ఒకటి. మంగతాయారు బరువంతా దించుకున్నట్టు ఊపిరి వదిలింది. తలుపు తెరుచుకుంది.

సెప్టెంబరులో వకుళ సెరిస్ చేరింది. వారానికొక కబురు పంపేది. "ఇక్కడ గంట కొడితే దాని నాలుక పైకెళ్ళి అక్కడే తీరిగ్గా ఉంటోందక్కా, నీలాగే మొండిది. రోగులకి అదే వినోదం." ఇంకోసారి, "సబ్బు తీసేశావు చూడూ, అందుకు నిన్ను రోజూ తలుచుకుంటున్నా." జ్వరం పట్టిన ముప్పై ఒక్క మందిలో ఇరవై ఏడుగురు బతికారు. మరుసటి ఏడాది జనవరిలో ఆమె తిరుగు ఓడ ఎక్కింది.

మే మూడున ఓడ నుంచి సంకేతం ఆగిపోయింది.

మంగతాయారు కంగారు పడలేదు. అంటే, పడనట్టు ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి రాకడని అడిగేది. "వకుళ అంకె ఎంత?" యంత్రం తొంభై ఒకటి అనేది. ఇంటికొచ్చి చెల్లెలి దుప్పటి ఎండలా వెలిగే లైటు కింద ఆరేసేది. చెల్లెలి కంచం కడిగి బోర్లించేది. పదో రోజు తొంభై ఒకటి. ఇరవయ్యో రోజు తొంభై ఒకటి. ఓడ దారికేసి సూర్యుడి నుంచి పెద్ద తుఫాను లేచిందని వార్త వచ్చింది. ఆ రోజు కూడా తొంభై ఒకటే.

నలభయ్యో రోజు అంకె విని ఇంటి దారి పట్టి, మధ్యలో ఆగిపోయింది. తుఫాను వచ్చినా కదలని అంకె ఏం అంకె? తను రోజూ అక్కడికి ఎందుకు వస్తోంది? లెక్క తెలుసుకోడానికా, ఆ మాట వినిపించుకోడానికా?

వెనక్కి వచ్చి, దస్తగిరిని పిలిచి, యంత్రం లోపలి పద్దులు తెరిపించింది.

ఫిబ్రవరి ఆరు, ఉదయం. అక్కడ ఒకటి కాదు, రెండు అంకెలున్నాయి. "వెళ్తానక్కా" అన్నప్పుడు ముప్పై ఎనిమిది. "వెళ్ళొస్తానక్కా" అన్నప్పుడు తొంభై ఒకటి. ఓడ అదే, సూర్యుడు అదే, ఆ మనిషే. మధ్యలో మూడు నిమిషాలు కూడా లేవు. యంత్రం పైకి చూపించేది ఆఖరి అంకె ఒక్కటే.

"ఇదెలా మేడమ్?" అన్నాడు దస్తగిరి.

ఆమెకి అప్పటికే అర్థమైంది. నలభై ఏళ్ళ వీడ్కోళ్ళలో పనిమీద వెళ్ళినవాళ్ళంతా వెళ్ళొస్తానన్నారు. చాలామంది వచ్చారు. ఊరు వదిలి భూమికి శాశ్వతంగా పోయినవాళ్ళు, ఇక రామని తెలిసి, వెళ్తున్నామన్నారు. వాళ్ళెవరూ రాలేదు. రాకడ గొంతులో జబ్బులు వెతకడం ఎప్పుడో మానేసింది. ఆ ఒక్క మాటని పట్టుకుంది. ఆ మాట అంటే చాలు, మనిషి వస్తాడనుకుంది. ఓడ పాతదైనా, సూర్యుడు మండిపడినా.

"ఆ ఉదయం లెక్కలోంచి ఆ మాట తీసేసి మళ్ళీ లెక్కించు."

నలభై నాలుగు వచ్చింది.

డెబ్బై కాదు. తలుపు తెరుచుకునేది కాదు. వకుళ ఇంట్లో ఉండేది.

"మన యంత్రం తప్పు చేసింది మేడమ్," అన్నాడు దస్తగిరి మెల్లగా.

"దానికి తప్పేం తెలుసు దస్తగిరీ. మనం ఏడవకుండా ఉండటానికి అనుకునే మాటని అది నమ్మింది. అంతే. ఆ మాట దానిచేత అనిపించింది నేను." ఆమె పద్దులు మూసేసింది. "పూజలు చేసే చెల్లి అననంది. లెక్కలు వేసే అక్క అనమని పట్టుబట్టింది."

"అక్కడ ఇరవై ఏడుగురు బతికారమ్మా," అన్నాడతను. మేడమ్ అనడం మర్చిపోయాడు.

"అదీ తెలుసు."

మర్నాడు మరో ఓడ బయలుదేరాలి. అందులో పన్నెండు మంది. మంగతాయారు ఆ సాయంత్రం లోపలే రాకడని సరిచేసింది, మాట వినడం మాన్పించింది. ఊరందరికీ జరిగింది చెప్పింది, ఎవర్నీ అడ్డం పెట్టుకోకుండా. పన్నెండు మందిలో నలుగురికి అంకె చాలలేదు. వాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు.

వకుళ అంకెని మాత్రం ఆమె మళ్ళీ అడగలేదు.

తరవాతి వారం మొక్కుగది తాళం తీసింది. ఏడాదికి పైగా పేరుకున్న దుమ్ము తుడిచింది. భూమి దిక్కులు లెక్కగట్టి పలకమీద రాసింది. ఆ లెక్క ఆమెకి సులువే. గంట లేదు కాబట్టి నోటితోనే "ఠంగ్" అంది, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది. సాయంత్రం విగ్రహాన్ని వడ్లగింజంత ఉత్తరానికి జరిపి, చెల్లెలు రోజూ అనే మాటే అంది. దేవుడున్నాడో లేడో ఆమె తేల్చుకోలేదు. రమ్మనడం మర్యాద, అంతే.

రెండు మూడు నెలలు అలా గడిచాయి. ఒకరోజు నమాజు ముగించి లేచిన దస్తగిరి అరవైపు చూసి, గబుక్కున చెయ్యి చాచాడు. వేంకటేశ్వరుడు అర అంచు మీద, పడటానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఏంటమ్మా ఇది? రోజూ జరుపుతున్నారా?"

"అదే కదా పద్ధతి! వకుళ రోజూ జరిపేది."

"జరిపేవారు. పొద్దున్నే మళ్ళీ వెనక్కి తెచ్చి కూర్చోపెట్టేవారు కూడా. నేను రోజూ చూసేవాణ్ణి. మీరు పంపించడమే తప్ప తెచ్చుకోవడం లేదు."

మంగతాయారు అతని వైపు చూసింది. పొద్దున వేళ ఆమె ఏనాడూ ఈ గదికి రాలేదు. చెల్లెలు చేసేదానిలో సగమే చూసింది. ముందు నవ్వు వచ్చింది, వెనకే ఇన్ని నెలలుగా రాని ఏడుపు వచ్చింది. దస్తగిరి విగ్రహాన్ని ఆమె అరచేతిలో పెట్టి, చాప చుట్టుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

ఆనాటినుంచి పొద్దున తేవడం, సాయంత్రం పంపడం ఆమె ఒక్క రోజూ మానలేదు. మొక్కుకోడానికి జనం మళ్ళీ ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. బయలుదేరేవాళ్ళు అంకె చూసుకున్నాక ఆమె దగ్గరికి వచ్చి, వెళ్ళొస్తామమ్మా అనేవాళ్ళు. ఆమె తలూపేది. ఎవరైనా వెళ్తామంటే సరిదిద్దేది కాదు.

వకుళ ఎర్రగట్టు నుంచి 2148 ఫిబ్రవరి ఆరున బయలుదేరింది. 2149 మే మూడు తరవాత ఆ ఓడ నుంచి ఏ సంకేతమూ రాలేదు. వకుళ తిరిగి రాలేదు.