ఇస్త్రీ గది తలుపు వెనక

ఆ ఆసుపత్రిలో శవాల గదంటే ఎవరికీ భయం లేదు. అక్కడివాళ్ళు పడుకోబెట్టినచోటే పడుకుంటారు, ఎవరి జోలికీ రారు. భయమంతా నేలమాళిగలో, బట్టలుతికే హాలు దాటాక, నడవ చివర ఉన్న పాత ఇస్త్రీ గదంటేనే.

దానికో రేకు తలుపు. కొత్త యంత్రాలు వచ్చాక ఆ గదిని వదిలేశారు. తాళం కూడా వెయ్యలేదు — అటు తొంగిచూసే ధైర్యం ఎవరికీ లేనప్పుడు తాళం దండగ. కానీ రాత్రి షిఫ్టులో, యంత్రాలు కాస్త ఊపిరి పీల్చుకున్నప్పుడు, లోపలినుంచి ఎవరో తడుతున్న చప్పుడు వస్తుంది. టక్... టక్... కాసేపు ఆగి, మళ్ళీ. తలుపు కింద సందులోంచి నీలం వెలుగు కూడా వస్తుందని బాయిలరు బాబాయి ఒట్టేసి చెప్పాడు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాటకొస్తే, మాట్లాడే మనిషే కాదు.

కథ చెప్పాలంటే మాత్రం పెద్దక్కే చెప్పాలి. రాత్రి షిఫ్టు మొత్తం ఆమె చేతికింద నడిచేది. నోరు తెరిచిందంటే యంత్రాల రొద కూడా వెనక్కి తగ్గాల్సిందే. కొత్తగా ఎవరు చేరినా మొదటి రాత్రే దుప్పట్లు మడిచే బల్ల దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి మొదలుపెట్టేది.

"ఇస్త్రీ చేసే పిల్ల ఒకతి ఉండేది. ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. ఏమొచ్చిందో ఏమో... ఒక రాత్రి ఆ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది."

అక్కడ ఆపి అందరి మొహాలూ చూసేది.

"వెళ్ళిన పిల్ల మళ్ళీ బయటికి రాలేదు."

"చచ్చిపోయిందా, పెద్దక్కా?"

"మరి ఆ తట్టేది ఎవరనుకున్నావే?"

ఇక ఆ తర్వాత నడవలోకి ఎలక కూడా వెళ్ళేది కాదు.

ఈమధ్య ఆ బల్ల దగ్గర నోరు తెరుచుకుని కథ విన్న కొత్త మనిషే మన ఉడత. అసలు పేరు వేరే ఉంది, దానితో మనకి పనిలేదు. ఉడత అన్నది ఫోన్లో పేరు. ఆ సంగతి కాస్త చెప్పాలి.

బిడ్డ పుట్టాక ఆమెకి ఏడుపు మొదలైంది. ఎందుకో తెలియదు, ఆగేది కాదు. బిడ్డని ఎత్తుకుంటే ఆ చేతులు తనవి కానట్టుండేవి. "పండంటి బిడ్డ, చక్కటి మొగుడు, నీకేం తక్కువే?" అన్నారు ఇంట్లోవాళ్ళు. తక్కువేమిటో తెలిస్తే తనే చెప్పేది కదా! బిడ్డకి టీకా వేయించడానికి ఇదే ఆసుపత్రికి వచ్చిన రోజున, మరుగుదొడ్డి తలుపుకి లోపలివైపు అంటించిన చిన్న చీటీ చూసింది. 'నిద్ర పట్టడం లేదా? మేమూ మేలుకునే ఉన్నాం.' కింద ఒక ఫోను నంబరు. ఆ రాత్రే ఫోన్లో ఆ గుంపులో చేరింది.

అందులో ఉన్నవాళ్ళంతా దిగులులో ఒకసారి మునిగి తేలినవాళ్ళు, లేదంటే ఇంకా మునుగుతున్నవాళ్ళు. ఎవరి ఊరూ పేరూ ఎవరూ అడగకూడదు. వారానికో రాత్రి ఒక్కొక్కరు కాపలా ఉండాలి — అంటే మేలుకుని, వచ్చినవాళ్ళ గోడు వినాలి. గొంతు పెగలనివాళ్ళ కోసం ఒక పద్ధతి పెట్టుకున్నారు. అందరూ కలిసే ఫోను లైన్లోకి వచ్చి, ఫోను పక్కన మూడుసార్లు తడితే — బాగాలేదు, మాట్లాడలేను. తిరిగి రెండుసార్లు తడితే — ఉన్నాను, వింటున్నాను.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు నీకేం చేస్తారే?" అన్నాడు మొగుడు.

"ముక్కూ మొహం తెలిసినవాళ్ళు ఏం చేశారో చూశాంగా," అంది ఉడత. మనిషి మంచివాడే, బిడ్డని ఊపుతూ కూర్చున్నాడు.

ఆ మొదటి రాత్రుల్లో ఆమె తట్టిన ప్రతిసారీ బదులు తట్టింది గువ్వ అనే ఆవిడ. గువ్వ గొంతు ఎవరూ వినలేదు. రాస్తుంది, తడుతుంది, అంతే. ఇంకొకడు తాబేలు. అతను రాయను కూడా రాయడు. అందరూ తట్టాక ఆలస్యంగా, ఇనుము మీద కొట్టినట్టు ఖణ్... ఖణ్... అని రెండు తట్లు. "వచ్చాడండీ మన ఎక్స్‌ప్రెస్సు!" అని అందరూ నవ్వుకునేవారు. గువ్వే వెంటపడి ఉడతని డాక్టరు దగ్గరికి పంపింది. ఈ ఆసుపత్రిలోనే, పై అంతస్తులో. ఆ డాక్టరు గది ముందు కుర్చీలు సరిగ్గా క్యాంటీనుకి ఎదురుగా ఉంటాయి. వాటిలో కూర్చున్నవాళ్ళని చూసి టీ తాగే పనివాళ్ళు కణతకి వేలు పెట్టి తిప్పి నవ్వుతారు. ఉడత ఆ కుర్చీలో కూర్చుని, మందులు మింగి, గట్టెక్కింది. తర్వాత ఇక్కడే పనికి కుదిరింది గానీ, ఆ కుర్చీ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బతికి బట్టకట్టానంటే అది గువ్వ పుణ్యమేనని ఆమె నమ్మకం.

ఇక ఆ రాత్రి.

కాపలా ఉడతది. యంత్రం తిరుగుతోంది, చేతిలో పని లేదు. ఫోను ఒక్కసారి వణికింది.

'ఇక చాలు ఉడతా. మీ అందరి నెత్తిమీదనుంచి నా బరువు దించేస్తాను.'

రాసింది గువ్వ.

ఉడత రెండు చేతులా ఫోను పట్టుకుంది. 'ఎక్కడున్నావు గువ్వా?' అని రాసింది. అడగకూడని ప్రశ్న, అడిగేసింది. అది వెళ్ళలేదు. నేలమాళిగలో సిగ్నలు దేవుడిచ్చినప్పుడే. అంతలో గుంపుని చూసుకునే కౌన్సిలరమ్మ రాసిన ముక్క ఒకటి మాత్రం వచ్చి పడింది: 'గువ్వ చిరునామా మన దగ్గర లేదు. నా ఫోను ఎత్తడం లేదు. నువ్వు లైన్లోకి వెళ్ళు, వదలకు.'

ఉడత ఫోను పైకెత్తి హాలంతా తిరిగింది. పెద్దక్కని అడిగి బయటికి పరిగెత్తుదామంటే పెద్దక్క లేదు. ఈ వేళప్పుడు ఆమె గోడౌన్లో సరుకు చూసుకుంటుందని అందరికీ తెలుసు, వెతుక్కుంటూ వెళితే తిడుతుందనీ తెలుసు. మెట్లవైపు నడిస్తే ఉన్న ఒక్క గీతా పోయింది. వెనక్కి వస్తే వచ్చింది. నడవవైపు అడుగేస్తే... రెండు గీతలు.

ఇంకో అడుగు. మూడు.

నడవ చివర పైన గాలి కిటికీ ఉంది. సిగ్నలు అక్కడినుంచే దిగుతోంది. ఆ కిటికీ కింద — రేకు తలుపు.

దీపాలు సగం దూరంలోనే అయిపోయాయి. ఉడత గోడ పట్టుకుని నడిచింది. వెనక యంత్రాల రొద సన్నగిల్లింది. తలుపు ముందు నిలబడేసరికి సిగ్నలు నిండుగా వచ్చింది. ఇయర్‌ఫోను ఒక చెవిలో పెట్టుకుని లైన్లోకి వెళ్ళింది.

చెవిలో ఏమీ లేదు. ఎవరిదో ఊపిరి మాత్రం...

అప్పుడు తలుపు వెనకనుంచి —

టక్... టక్... టక్.

ఒక్క క్షణం గడిచింది. అవే మూడు తట్లు, అదే తీరున, చెవిలో.

టక్... టక్... టక్.

మీకు అర్థమైపోయిందంటారా? ఇంట్లో దీపం కింద కూర్చుంటే అందరికీ అన్నీ అర్థమవుతాయి. ఆ నడవలో నిలబడి చెప్పండి!

గువ్వ లైన్లోకి దెయ్యం దూరిందనుకుంది ఉడత. అయినా ఫోను మీద రెండుసార్లు తట్టింది. ఉన్నాను, వింటున్నాను. ఆ రెండు తట్లూ కాస్త ఆగి తలుపు లోపలినుంచి, సన్నగా, తిరిగి వచ్చాయి. తను తట్టింది తట్టినట్టే... లోపల ఉన్నదేదో తనని వెక్కిరిస్తున్నట్టే!

పారిపోవాలి. కాళ్ళు అప్పుడే వెనక్కి తిరిగాయి.

సరిగ్గా అప్పుడు లోపల ఎవరో వెక్కారు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడిస్తే వచ్చే చప్పుడు. ఆ చప్పుడు ఉడతకి బాగా తెలుసు. ఎన్ని రాత్రులు తను బిడ్డ పక్కన అలాగే ఏడ్చింది!

ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చింది. దెయ్యం మీద కాదు. ఇలా గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడవాల్సి వచ్చే లోకం మీద.

"దెయ్యమైతే దెయ్యం," అంది పళ్ళ మధ్యనుంచి. "అదీ ఏడుస్తోంది కదా. ఇవాళ కాపలా నాది."

తలుపు తోసింది. గడియ పడి ఉంది. పిడికిలి బిగించి రేకు మీద రెండుసార్లు బాదింది. నడవంతా దద్దరిల్లింది.

లోపల ఏదో కింద పడింది. తర్వాత ఒక గుసగుస, ప్రాణం గొంతులోకి వచ్చిన గుసగుస.

"ఎ... ఎవరది?"

దెయ్యం తననే చూసి భయపడుతోందని ఉడతకి అప్పుడు అర్థమైంది.

"ఉడతని," అంది. "కాపలా ఉడతని. తలుపు తియ్యి."

చాలాసేపు ఏమీ లేదు. చివరికి గడియ కిర్రుమంది.

పాత ఇస్త్రీ బల్ల. దాని మీద నీలంగా వెలుగుతున్న ఫోను. తలుపు పట్టుకుని, జుట్టు రేగి, ముక్కు ఎర్రబడి నిలబడ్డ మనిషి —

పెద్దక్క.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఉడత అమాంతం ఆమెని పట్టుకుంది. యంత్రాలని వణికించే మనిషి ఆ చేతుల్లో చిన్నపిల్లలా కూలబడింది. బల్ల మీది ఫోన్లోంచి కౌన్సిలరమ్మ గొంతు "ఉడతా? ఉడతా?" అంటూ ఉంది.

"గువ్వ దొరికిందమ్మా," అంది ఉడత. "నా చేతుల్లోనే ఉంది. వదలను."

ఆ తర్వాత కౌన్సిలరమ్మ ఏవేవో అడిగింది, పెద్దక్క మెల్లగా జవాబులు చెప్పింది. తెల్లవారగానే పై అంతస్తు డాక్టరుకి చూపించాలనీ, అంతవరకూ ఆమెని ఒంటరిగా వదలొద్దనీ అనుకున్నారు. ఇద్దరూ ఇస్త్రీ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు.

"మరి... ఈ గదిలో చచ్చిపోయిన పిల్ల?" అంది ఉడత గుసగుసగా.

"ఎవరూ చావలేదే." పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ రాత్రి గడియ పెట్టుకుంది నేనే. ఫోన్లో ఈ గుంపు పట్టుకుని తెల్లారిందాకా ఉన్నా, బయటికొచ్చా. ఆ నవ్వే పిల్లే మళ్ళీ రాలేదు."

"దెయ్యం ఎందుకు మరి?"

"ఏడవడానికి నాకో గది కావాలి కదే! దెయ్యముందంటే పదిమందీ నమ్మారు, పక్కకి తప్పుకున్నారు. దిగులుందంటే ఒక్కరైనా నమ్మేవాళ్ళా? 'తిన్నది అరక్క' అనేవాళ్ళు."

ఉడత ఇంకాస్త దగ్గరికి జరిగింది. తర్వాత తన కుర్చీ కథ మొత్తం చెప్పింది. మధ్యలో ఇద్దరికీ నవ్వు కూడా వచ్చింది — తలుపుకి అటొకరు ఇటొకరు, ఒకరంటే ఒకరికి దడ!

పొద్దున్న షిఫ్టు మారే వేళకి హాలు నిండుగా ఉంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, బాయిలరు గది గుమ్మంలో రెంచీ పట్టుకుని బాబాయీ. నడవలోంచి ఇద్దరు మనుషులు నడిచి రావడం చూసి అందరూ బిగుసుకుపోయారు.

"అటునుంచా! దెయ్యాన్ని చూశావటే?" అంది ఒకామె ఉడతతో.

ఉడత పెద్దక్క వైపు చూసింది. ఏదో ఒక అబద్ధం చెప్పి కాపాడదామనుకుంది. పెద్దక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని తనే నోరు తెరిచింది. పాత గొంతే, యంత్రాల రొదని వెనక్కి నెట్టే గొంతు.

"చూసింది. అది నేనే. రాత్రుళ్ళు అక్కడ కూర్చుని ఏడ్చేది నేనే. నాకు ఒంట్లో కాదు, మనసులో బాగాలేదు. ఇప్పుడు పైకెళ్ళి క్యాంటీను ఎదురుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నా. వేలు తిప్పేవాళ్ళు టీ గ్లాసు పట్టుకుని ముందు వరసలో నిలబడండి, బాగా కనబడుతుంది!"

"పక్క కుర్చీ నాది," అంది ఉడత. "నేను పాత పేషెంటుని."

ఎవరో సగం నవ్వి ఆపేశారు. పెద్దక్క చెయ్యి ఉడత చేతిలో చల్లబడసాగింది.

అప్పుడు వినబడింది. ఎప్పటిలాగే ఆలస్యంగా, ఇనుము మీద ఇనుము —

ఖణ్... ఖణ్.

బాయిలరు బాబాయి తల దించుకుని ఉన్నాడు. రెంచీ ఇంకా గొట్టం మీదే ఉంది.