తండా జవాబు పత్రాలు

"సోమవారం నా బడి మూసేస్తరు, భాయ్‌సాబ్. పిల్లలు మల్ల మేకల ఎంట పోతరు."

కామారెడ్డిలో ప్రైవేటు డిటెక్టివ్ సిరాజుద్దీన్ ఎదుట కూర్చుంది బిల్కిస్. గాంధారి దగ్గరి తండా బడికి ఆమె ఒక్కతే పంతులమ్మ. 1988 ఐదో తరగతి ఉమ్మడి పరీక్షలో ఆమె పిల్లలు పద్దెనిమిది మందీ తప్పారు; దాంతో బడి మూసేయమని ఉత్తర్వు వచ్చింది. ఎల్లారెడ్డి పట్నం బడిలో నలభైకి నలభై పాసు. తండా పిల్లలు తప్పితే ఎందుకని అడిగేవాడు లేడు.

"జవాబు పత్రాలు చూసినవా, బహెన్?"

"మాకు చూపెట్టరు. ఒక్కో పత్రానికి ముందటి కాగితం మీద పేరు, నంబరు మేమే రాసి, దారం కట్టి పంపుతం. గంతే."

మర్నాడు సిరాజుద్దీన్ తన సహాయకుడు భూమేశ్‌తో తండాకు వెళ్లాడు. బడిలో బల్లల్లేవు. పిల్లలు తొడ మీద చెక్క చట్రం పలక, దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నారు.

"పరీక్షా గిట్లనేనా?"

"గిట్లనే. ఎవరి బడిల వాళ్లే రాసిండ్రు."

ఎల్లారెడ్డి విద్యాధికారి ఆఫీసులో సిరాజుద్దీన్ తండా బడిదీ, పట్నం బడిదీ రెండు కట్టలూ విప్పించి, కాగితాలను ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమాడు. భూమేశ్ నోరెళ్లబెట్టి చూశాడు.

శనివారం బిల్కిస్‌నూ, విద్యాధికారినీ, పట్నం బడివాళ్లనూ అక్కడే కూర్చోబెట్టాడు.

"దిద్దకముందు ఈ కట్టలు ఎవరి చేతిల ఉన్నయి?"

"మా బడి బీరువల ఉండె. తాళం నాదే. మోసింది దేవన్న," అన్నాడు పట్నం బడి హెడ్మాస్టరు హనుమాండ్లు. "వాన్ని అడుగుండ్రి."

అటెండరు దేవన్న భగ్గుమన్నాడు. "నాకు చదువొస్తే నీళ్ల బిందెలు మోస్తనా సారూ?"

"నిజమే. పేరు చూసి పత్రం మార్చాలంటే చదువు రావాలె," అని సిరాజుద్దీన్ కాగితాలు పరిచాడు. "పలక కన్న కాగితం పెద్దది. చట్రం అంచు కాడ పెన్సిల్ ఎగిరిపడి గాటు పడ్డది. తండా కట్టల గాటు ఒక్కటి లేదు. బల్లలున్న పట్నం బడి కట్టల పద్దెనిమిదింటికి ఉన్నది. దారం విప్పి, పేర్ల కాగితాలు మార్చి కట్టిండ్రు. తాళం మీదే, సార్."

హనుమాండ్లు తల వాలిపోయింది. "పక్క గల్లీల కాన్వెంట్ పెట్టిండ్రు. మావోళ్లు గిన్నిమంది తప్పితే నా బడి ఖాళీ అయితది."

"అందుకని నా బడి మూయిస్తవా?" అంది బిల్కిస్.

అధికారి మూసివేత ఉత్తర్వును చించేశాడు. ఆమె దండం పెట్టలేదు.

"పాసైనోళ్ల పేర్లు చదువుండ్రి. తల్లిదండ్రులు బయట నిలబడ్డరు."

అధికారి నసుగుతూ మొదటి పేరు చదివాడు.

"గట్టిగా, సార్. బయటికి వినవడాలె."